మూడు వేళ్ళ భాష

ఆయన పోయిన కబురు మా బృందమూ, మమ్మల్ని పిలిచే ఊళ్ళవాళ్ళూ ఉన్న ఫోన్ గ్రూపులో పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు కనిపించింది. పెట్టింది కమిలక్క. ‘సారు పోయిండు’ అని రెండే మాటలు. మధ్యాహ్నానికి దాని కింద పంతొమ్మిది జోడించిన చేతుల బొమ్మలు చేరాయి. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నా అలవాటు. ఆ అలవాటు వల్ల ఆయనకు ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన భాషలో రెండు చేతులు జోడిస్తే దండం కాదు. ‘ఇప్పుడు చేస్తున్నది విడిచిపెట్టు, ఇంతవరకు నువ్వు ఎన్నడూ చేయనిది చెయ్యి’ అని అర్థం. చాలా అరుదుగా వాడేవాడు. వాడినప్పుడు యాకన్న డప్పు తిరగేసి చెక్క అంచును గోళ్ళతో గీకడం చూశాను. కమిలక్క పాట మధ్యలో ఆపి, పాట వరసలోనే నవ్వడం చూశాను. ఆ రోజు మాత్రం పంతొమ్మిది మంది ఆ సైగ చేశారు, ఒక్కరూ కొత్తగా ఏమీ చేయలేదు. ఇరవయ్యో బొమ్మ నాది. అది పెట్టి, కేబుళ్ళు చుట్టుకుని, ఆ రోజుటి కార్యక్రమానికి పోయాను. అందరం పోయాం.

ఆయన చేసే పనికి మా దగ్గర పేరు లేదు. బ్యానరు మీద ఏం రాయాలో తెలియక ఉప్పలయ్య ప్రతిసారీ ‘సాంస్కృతిక కార్యక్రమం’ అనే రాసేవాడు. ఉప్పలయ్య గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. బృందంలో అతని పని, వెనక కట్టిన తెల్లగుడ్డ మీద అప్పటికప్పుడు బొమ్మ వేయడం. యాకన్న కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ, బృందంలో పెద్ద డప్పు. కమిలక్క ఆ దగ్గరి తండా మనిషి, పాడేది, ఆడేది. మిగిలినవాళ్ళు ఎనిమిది మంది: ఢోలక్ ఒకరు, హార్మోనియం ఒకరు, వేషాలు కట్టేవాళ్ళు ఇద్దరు, కోలాటం ఆడే అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, ఇంకో రెండు డప్పులు. మొత్తం పదకొండు మంది.

ముందుగా అనుకున్న కథ ఉండదు. పాట ఉండదు. ఆయన జనానికి వీపు పెట్టి, బృందానికి ఎదురుగా నిలబడి చేతులతో సైగలు చేసేవాడు. ఆ సైగల్లోంచి డప్పు, పాట, ఆట, బొమ్మ పుట్టేవి. మణికట్టు చుట్టూ వేలితో సున్నా చుడితే కమిలక్క, ఆమె గాజులకు గుర్తుగా. ఎడమ భుజం తడితే యాకన్న, డప్పు వేలాడే చోటు కాబట్టి. అరచేయి నేలవైపు దించుతూ పోతే గొంతు తగ్గించాలి. ఒక చెవి మూసి ఇంకొకరివైపు గడ్డం చూపితే, వాళ్ళు చేసేది నువ్వు అందుకోవాలి. లారీని వెనక్కు తెప్పించే క్లీనరు చేసే ‘రానీ, రానీ’ సైగ చేస్తే మెల్లగా పెంచాలి. అదే క్లీనరు లారీ ఒంటిమీద దబదబా కొట్టినట్టు ఆయన తన తొడమీద రెండు దెబ్బలు వేస్తే అంతా ఆగాలి. ఎవరు చేయాలో, ఎంత గట్టిగానో, ఎప్పుడో ఆయన చెప్పేవాడు. ఏం చేయాలన్నది వాళ్ళ ఇష్టం. ఆదివారం చేసినది వచ్చే ఆదివారం రాదు.

ఆయన కుడిచేతికి మూడు వేళ్ళే. ఉంగరపు వేలు, చిటికెన వేలు భూపాలపల్లి బొగ్గుగనిలో, బొగ్గు మోసే రెండు టబ్బుల మధ్య నలిగిపోయాయి. గనిలో మోతకు మాట వినబడదు, చేతులతోనో నెత్తిమీది లైటుతోనో మాట్లాడుకోవాలి. ఆయన సైగల్లో సగం అక్కడివే. వేళ్ళ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ యాకన్న సైగ అందక తొందరపడి కొట్టిన రోజున.

“ఒకడు లాగుమని సైగ చేసిండు. ఎవలను లాగుమన్నడో చెప్పలె. రెండు దిక్కుల లాగిన్రు. అందుకే ముందుగాల ఎవలో చెప్పాలె, ఆఖరికి ఎప్పుడో చెప్పాలె. నడుమ ఉన్నది మీది.”

ఇంతకు మించి ఆయన జీవితం గురించి నాకు తెలిసింది తక్కువ. అడిగితే, “నా సంగతి నీకెందుకు, నీ వైర్ల సంగతి చూడు” అనేవాడు.

నా వైర్ల సంగతి ఇది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా, ఆ తర్వాత బీటెక్. ఉద్యోగం దొరక్క మానుకోటలో సౌండ్ సిస్టమ్ పెట్టుకున్నాను. మార్కెట్ యార్డులో పత్తి సీజన్ అయిపోయాక ఖాళీగా ఉండే రేకుల షెడ్డులో వాళ్ళు ప్రతి ఆదివారం సాధన చేసేవాళ్ళు. ఒక మధ్యాహ్నం వాళ్ళ మైకుల మిక్సరు చెడిపోతే బాగుచేయడానికి పోయాను. బాగైందనుకుని మైకు తెరిచాను. రేకుల కింద అది కూత పెట్టింది, ఆరు వందల హెర్ట్జ్ చుట్టుపక్కల. నేను కంగారుగా శబ్దం తగ్గించే ఫేడరు దించబోయాను. ఆయన నావైపు చూడకుండానే అరచేయి అడ్డం పెట్టాడు, ముట్టకు అని. కమిలక్క మణికట్టు సైగ చేశాడు. చెవి మూసి, గడ్డంతో నా మిక్సరు చూపించాడు.

కమిలక్క ఆ కూతను అందుకుంది. కూత ఎక్కడుందో సరిగ్గా అక్కడ గొంతు నిలిపి, తన భాషలో ఏదో మాట దానిమీద పెట్టి ఊపింది. యాకన్న కింద నుంచి డప్పు వేశాడు. మైకు కూత పెడితే ఏం చేయాలో నేను కాలేజీలో చదువుకున్నాను, నాలుగు మార్గాలున్నాయి. ఇది వాటిలో లేదు. అయిదారు నిమిషాలు ఫేడరు మీద వేలు కదపకుండా నిలబడ్డాను. తర్వాత ఆయన వచ్చి మిక్సరును ఎద్దును చూసినట్టు అటూ ఇటూ చూశాడు.

“నీ డబ్బ మంచిగ పాడుతది. వచ్చే ఆదివారం గూడ తోలుకరా” అన్నాడు.

అట్లా నేను చేరాను. ఆయన నాకు కూడా ఒక సైగ పెట్టాడు, అరచేతి మీద వేలితో రాస్తున్నట్టు. ఇంజినీరుకు గుర్తనుకున్నాను. “ఇంజినీరు గాదు తమ్మీ, గుమాస్త” అని కమిలక్క నవ్వుతూ చెప్పింది.

తప్పుకు ఆయన దగ్గర ప్రత్యేకమైన సైగ ఉండేది. ఎవరి తాళమైనా జారితే, ఎవరి చేతిలోంచైనా ఏదైనా పడితే, బొటనవేలు తన ఛాతీకి ఆనించేవాడు. ‘ఇది మనది’ అని. వెంటనే అందరూ ఆ తప్పునే అందుకోవాలి, దానిచుట్టూనే ఆడాలి. “తప్పు చేసినోడే ఇయ్యాల పెండ్లికొడుకు, ఊరేగించుండ్రి” అనేవాడు. నాకు ఇది మింగుడుపడేది కాదు.

“సార్, గదే తప్పు రేపు మళ్ల కావాలంటే ఎట్ల?”

“రేపటిది రేపు దొరుకుతది. తప్పులకు కరువా?”

ఆయన అలవాట్లు కొన్ని రాసిపెట్టుకున్నాను. సాధనకు ముందు అన్నానికి కూర్చునేవాడిలా చేతులు కడుక్కునేవాడు. సాధన బయట ఎవరినీ వేలితో చూపేవాడు కాదు, గడ్డంతోనే. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేయి జేబులో ఉంచుకునేవాడు, మొదట సిగ్గనుకున్నాను. “పని లేనప్పుడు దాన్నెందుకు తిప్పుడు” అన్నాడు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. ఒకసారి ఢోలక్ వాయించే అతను సైగ రాకముందే మొదలుపెడితే, దగ్గరికి పోయి చెవిలో, “బస్సెల్లిపోతున్నదా కాక?” అన్నాడు. ఆ మనిషి మళ్ళీ ముందుగా మొదలుపెట్టలేదు.

లింగాల ఘనపూర్‌లో బడి ముందర ఆడినప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ పది నిమిషాలు ఓపిక పట్టి లేచి నిలబడింది.

“ఏందిరా గిది? రాజెవడు, రాణెవ్వలు? గీ చేతులు తిప్పుడేంది, ఈగలు తోలుతున్నవా?”

జనం నవ్వారు. ఆయన ఆమెవైపు తిరిగి, ఆమె మాట వినబడేలా మైకు దగ్గర పెట్టమని నాకు సైగ చేసి, మళ్ళీ బృందంవైపు తిరిగాడు. కమిలక్క ‘ఈగలు తోలుతున్నవా’ను అందుకుంది. కోలాటం అక్కాచెల్లెళ్ళు కర్రలతో ఈగలు తోలారు. ఉప్పలయ్య గుడ్డ మీద మూడు వేళ్ళ చేయి, దానిమీద ఈగ వేశాడు. ముసలమ్మ ఇంకా తిట్టింది, అవన్నీ పాటలోకి పోయాయి. చివరికి ఆమె గొంతు బొంగురుపోయి, “నా నోట్లోకెల్లి మాటలు గుంజుకుంటున్నడు ముండకొడుకు” అని కూలబడి నవ్వింది. తిరుగు దారిలో ట్రాక్టరు మీద ఆయన నాతో అన్న మాట నా పుస్తకంలో ఆ తేదీ కింద రాసి ఉంది. “చెయ్యి అడుగుతది, చెప్పది. అడిగితే కాదనొచ్చు. అవ్వ కాదన్నది, ఎంత మంచిగ కాదన్నది.”

నేను సైగల పట్టిక తయారుచేయడం మొదలుపెట్టింది అప్పుడే. ఆయన వయసు అరవై దాటింది, దగ్గు ఎక్కువైంది, ఇదంతా ఎక్కడా రాసిలేదు. నా ఉద్దేశం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆరు నెలల్లో నలభై మూడు సైగలు వచ్చాయి. ప్రతి సైగకు సంఖ్య, బొమ్మ, అర్థం.

ఆ పనిలోనే ఒక విషయం గమనించాను. మా వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు, ఆయన్ను అనుకరించి సరదాగా సైగలు చేసుకునేటప్పుడు, ప్రతి ఒక్కరూ కుడిచేతి చివరి రెండు వేళ్ళు అరచేతిలోకి ముడిచేవాళ్ళు. పదకొండు మంది, ఇరవై రెండు వేళ్ళు. ఎవరికీ ఏ లోపమూ లేదు.

“రెండు వేళ్లు ఎందుకు ముడుస్తున్నవ్ యాకన్నా?”

యాకన్న తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. “సైగ గంతే గద తమ్మీ.”

“సారుకు లేవు గనక ఆయన చెయ్యి గట్లున్నది. నీకున్నయి గద.”

“ఉంటే? అవ్విటితోని చేస్తే సైగ ఎట్లయితది?”

అది వాళ్ళ పొరపాటని నిశ్చయించుకున్నాను. పట్టికలో నలభై మూడు చోట్లా అయిదు వేళ్ళ చేయి గీశాను. చక్కగా, కొలతలు తప్పకుండా. ఒక ఆదివారం ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకం తీసుకుని పేజీ పేజీ చూశాడు.

“ఈ చెయ్యి ఎవలది?”

“ఎవ్వలిదీ కాదు సార్. అందరికీ పనికొచ్చేటట్టు వేసిన.”

ఇంకో రెండు పేజీలు తిప్పి నాకు ఇచ్చేశాడు. “గుమాస్త మంచిగనే రాసిండు” అని యాకన్నతో అన్నాడు. ఆ మాటను నేను మెచ్చుకోలుగానే రాసుకున్నాను.

తర్వాతి ఏడాది జనగామలో ప్రభుత్వ ప్రచారానికి కళాకారుల ఎంపిక ఉందని తెలిసింది. ఎంపికైన బృందంలో అందరికీ గుర్తింపు కార్డులు ఇస్తారు, ఏడాది పొడుగునా ప్రచార కార్యక్రమాలు ఇస్తారు. ఆ కార్డు అంటే ఏమిటో మా వాళ్ళకు బాగా తెలుసు. కమిలక్క ప్రతి ఎండాకాలం తండా మొత్తంతో పాటు హైదరాబాద్ పోయి కట్టడాల దగ్గర ఇటుకలు మోసేది. ఈసారి పోనక్కరలేదు. యాకన్న నడుం బస్తాలకు పనికిరాకుండా పోతోంది. ఉప్పలయ్య రాసే గోడలన్నీ ఫ్లెక్సీలు తినేశాయి.

వివరాలు కనుక్కోవడానికి నేనూ యాకన్నా పోయాం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. షరతులు మూడు. పన్నెండు నిమిషాలు మించకూడదు. ఏ నిమిషంలో ఏం వస్తుందో ముందే రాసివ్వాలి, ఎంపికలో చేసిందే తర్వాత ప్రతి ఊళ్ళోనూ చేయాలి. మూడోది చెప్పేటప్పుడు మా పాత వీడియో ఆపి వేలు పెట్టి చూపాడు.

“ఈయన ఎవరు? ముందు వరుసలో ముఖ్య అతిథులు కూర్చుంటారు. వాళ్ళకు వీపు చూపిస్తూ నిలబడతాడా?”

“ఆయనే చేయిస్తడు సార్” అన్నాడు యాకన్న.

“చేయించేది ఇంటి దగ్గర చేయించమనండి.”

ఆయనకు ఉన్నది ఆ ఒక్క చోటే, బృందానికి ఎదురుగా నాలుగడుగుల నేల. అది తీసేస్తే ఆయనకు ఏమీ మిగలదని నాకూ తెలుసు, యాకన్నకూ తెలుసు. బస్సెక్కి తిరిగి వచ్చాం. దిగేముందు యాకన్న, “నీ బుక్కుల అన్నీ ఉన్నయి గద తమ్మీ” అన్నాడు.

ఉన్నాయి. మా మంచి సాధన ఒకటి రికార్డు చేసి పెట్టుకున్నాను. దాన్ని వింటూ పన్నెండు నిమిషాలు కత్తిరించాను. ముప్పై ఆరు సైగలు, ప్రతిదానికీ నిమిషం, సెకను. నేను హాలు చివర, జనం వెనకాల, మిక్సరు దగ్గర స్టూలు మీద నిలబడతాను. నా చేతుల మీద మాత్రం పడేలా ఒక చిన్న లైటు. వేదిక మీదివాళ్ళు జనం తలల మీదుగా ఆ లైటును చూస్తారు. అతిథులకు ఎవరి వీపూ కనిపించదు. దీనికి పరిష్కారం కనిపెట్టానని ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

ఆదివారాలు ఆయన దగ్గర, బుధవారాలు నా దగ్గర, రెండు నెలలు సాధన. “లైటు తప్ప ఇంకేం చూడొద్దు” అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఎంపిక ఉందని మాత్రం ఆయనకు తెలుసు, తేదీ కోసం ఎదురుచూస్తున్నాడు. చెప్పే పని నాకు అప్పగించారు. ముఖం చూసి చెప్పలేక ఫోన్ చేశాను.

“సార్, ఎంపిక వాయిదా పడ్డది.”

“ఎప్పటికి?”

“తెలుపుతరట.”

“మంచిదే. జర దగ్గు తగ్గనీ” అన్నాడు.

జనగామ హాలులో మా వంతుకు ముందు లైట్లు ఆర్పారు. స్టూలు ఎక్కి నా చిన్న లైటు వేసుకున్నాను. పక్కన దగ్గు వినిపించింది. ఆయన. ఇస్త్రీ చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. జిల్లా పేపర్లో చూసి భూపాలపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. అది తర్వాత తెలిసింది. అప్పుడు ఒక్కటే అడిగాడు.

“వాయిదా ఇయ్యాల్టికే పడ్డదా?”

అంతలోనే మా పేరు పిలిచారు. ఒకటో సైగ చేశాను.

అయిదో నిమిషం దాకా అనుకున్నట్టే నడిచింది. ఇరవై ఒకటో సైగ దగ్గర యాకన్న డప్పు కొట్టే చిర్ర పుల్ల రెండు ముక్కలైంది. ఒక ముక్క ఎగిరి ముందు వరుసలో ముఖ్య అతిథి బూట్ల దగ్గర పడింది. డప్పు ఆగింది. దానితో పాట ఆగింది. ఉప్పలయ్య కుంచె గుడ్డమీదే నిలిచిపోయింది. పదకొండు మందీ లైటువైపు చూశారు. నా కాగితంలో దీనికి సంఖ్య లేదు.

అప్పుడు నా లైటులోకి ఇంకో చేయి వచ్చింది, నా చేతి పక్కనే. మూడు వేళ్ళు. బొటనవేలు ఛాతీకి ఆనించి, మణికట్టు చుట్టూ సున్నా చుట్టాడు. తర్వాత అరచేయి పైకి తెరిచి ఆగాడు. కమిలక్కా, ఇది మనది, నువ్వు అందుకో.

కమిలక్క చూసింది. అంత దూరం నుంచి కూడా ఆమె చూసిన సంగతి నాకు స్పష్టంగా తెలిసింది, ఎందుకంటే ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకున్నాయి. నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసుకుని, చూపు ఆయన చేతి మీదినుంచి నా చేతి మీదికి జరిపింది. మిగిలిన పదిమందీ అదే చేశారు.

ఆయన చేయి అట్లాగే తెరిచి పట్టుకుని ఉన్నాడు. నేను ఇరవై రెండో సైగ చేశాను.

ఇరవై రెండు మొదలైంది. యాకన్న నడుముకు దోపుకున్న ఇంకో చిర్ర తీసుకున్నాడు. ముప్పై ఆరు దాకా ఎక్కడా తేడా రాలేదు. చప్పట్లు మోగేటప్పటికి నా పక్కన ఎవరూ లేరు. మొత్తం పన్నెండు నిమిషాల పదకొండు సెకన్లు. పదకొండు సెకన్లు పర్వాలేదన్నాడు అధికారి. కార్డులు అందరికీ వచ్చాయి. నా కార్డు మీద ‘రూపకల్పన’ అని రాసి ఉంది.

ఆ ముప్పై ఆరు సైగల జాబితా చెడిపోయి ఉంటే ఆయన ముందు తల వంచుకోవడం నాకు తేలికయ్యేది. జాబితా పనిచేసింది. కమిలక్క ఆ ఎండాకాలం వలస పోలేదు. యాకన్న బస్తాలు మోయడం మానేశాడు. వాళ్ళు చేసింది తప్పని నేను అనలేను, వాళ్ళతో చేయించినవాడిని కాబట్టి అసలే అనలేను.

నాలుగు నెలలకు భూపాలపల్లి పోయాను. వాన పడుతోంది. ఆయన రెండు గదుల ఇంట్లో, తలుపుకు ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఆయన భార్య టీ ఇచ్చి లోపలికి పోయింది. గ్లాసు ఎడమ చేతిలో, కుడిచేయి దుప్పటి కింద.

“కమిలక్క మీద కోపం పెట్టుకోకుండ్రి సార్” అన్నాను. అది చెప్పడానికే వచ్చానని నాకు నేను చెప్పుకున్నాను.

“ఆమె మీద ఎందుకు? నేనడిగిన. ఆమె కాదన్నది. అందరి ముందట కాదన్నది, నేర్పింది నేనే గద.” దగ్గు ఆగేదాకా ఆగి నన్ను చూశాడు. “నువ్వు నన్ను అడగలె. అడిగితే నేను గూడ అవుననో కాదనో అందును. వాయిదా పడ్డదని చెప్పినవ్.”

“అడిగితే ఏమందురు సార్?”

“ఇప్పుడెట్ల చెప్తా? అప్పుడు అడగాల్సింది.”

వాన తగ్గింది. లేచాను. ఆదివారాలు షెడ్డుకు రమ్మన్నాను. ఆదివారాలు మీకు కార్యక్రమాలుంటయి గద అన్నాడు. ఉంటాయి. ఆయన్ను చూడటం అదే ఆఖరు.

ఆయన పోయిన పదకొండో రోజున అందరం భూపాలపల్లి పోయాం. ఇంటిముందు షామియానా వేశారు. భోజనాలయ్యాక ఆయన భార్య మా దగ్గరికి వచ్చి కూర్చుంది. మా వాళ్ళు డప్పులు తెచ్చుకున్నారు, ఉప్పలయ్య గుడ్డ తెచ్చాడు, మరుసటి రోజు పొద్దున్నే ములుగులో కార్యక్రమం ఉంది కాబట్టి. ఆమె వాటిని చూసింది.

“ఆదివారమైతే చాలు, కేసముద్రమని పోయేటోడు. జ్వరమొచ్చినా ఆగకపోయేది. నన్ను ఒక్కనాడు తోల్కపోలె. ఆడ ఏం జేస్తరని అడిగితే, ‘చెప్తే రాదే, చూడాలె’ అనేటోడు.” కొంగుతో మూతి తుడుచుకుంది. “ఆయన చేయించేటట్టు ఒక్కసారి చెయ్యుండ్రి బిడ్డా. చూస్త.”

ఎవరూ కాదనలేకపోయారు. పదకొండు మంది షామియానా కింద నిలబడ్డారు. అందరూ నన్ను చూశారు. జనానికి వీపు పెట్టి వాళ్ళ ముందు నిలబడ్డాను. ఆ చోట నేను నిలబడటం అదే మొదటిసారి. అప్పటికి ఆ పన్నెండు నిమిషాలను మేం నూట నలభై సార్లకు పైగా చేశాం. మొదటి ఇరవై తర్వాత నేను లైటు వేయడం కూడా మానేశాను, అవసరం రాలేదు.

కాగితం తియ్యలేదు. ఆయన చేసినట్టే చేయాలనుకున్నాను. మణికట్టు చుట్టూ సున్నా చుట్టి, అరచేయి నేలకు దించి, కమిలక్క ఒక్కతే మెల్లగా మొదలుపెట్టమని అడిగాను. యాకన్న డప్పు మొదలైంది. అది కాగితంలోని ముప్పై ఆరింటిలో ఒకటోది. రెండు దెబ్బలు తొడమీద వేసి ఆపమన్నాను. ఢోలక్ కలిసింది, రెండు. కోలాటం అక్కాచెల్లెళ్ళను అడిగితే వేషం వచ్చింది, మూడు. ఉప్పలయ్యను వద్దంటే గుడ్డమీద మొదటి గీత గీశాడు, నాలుగు. వాళ్ళు నన్ను చూస్తూనే ఉన్నారు, శ్రద్ధగా, ఎక్కడా తప్పిపోకుండా. చేతులు జోడించాను. అయిదు వచ్చింది.

నాలుగో నిమిషంలో నేను చేతులు దించేశాను. వాళ్ళు ఆగలేదు. ఆరో నిమిషంలో పక్కకు తప్పుకుని, వెళ్ళి ఆయన భార్య పక్కన చాప మీద కూర్చున్నాను. వాళ్ళ ముందు ఇప్పుడు ఎవరూ లేరు. పాట పెరగాల్సిన చోట పెరిగింది, డప్పు తగ్గాల్సిన చోట తగ్గింది. గుడ్డ మీద చెట్టు తయారైంది, దాని కింద మనుషులు తయారయ్యారు. చుట్టూ ఉన్న వాడకట్టు జనం బాగుందని తలలు ఊపారు.

ఆమె తల ఊపలేదు. వాళ్ళను చూసింది, వాళ్ళ ముందర నేను విడిచి వచ్చిన ఖాళీని చూసింది, మళ్ళీ వాళ్ళను చూసింది. తొమ్మిదో నిమిషంలో నావైపు వంగి మెల్లగా అడిగింది.

“మరి ఆయన ఏం జేసేటోడు బిడ్డా?”